రాతి తొట్టిలా కనిపించే తేలిక కుండీ

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. మిద్దె తోటకు రాతి తొట్లు పైకి మోయించడమూ కష్టమే, స్లాబుకూ బరువే. నువ్వే తేలికవి చేసుకుంటాననడం మంచి ఆలోచన. వీటిని హైపర్‌టూఫా కుండీలంటారు. టూఫా అంటే ఒళ్లంతా చిల్లులుండే తేలిక సున్నపురాయి. ఇంగ్లండు తోటమాలులు పాత రాతి తొట్లకు బదులుగా, సిమెంటులో పీట్ (బురద నేలల్లో కుళ్లిన నాచు) కలిపి వీటిని పోసుకున్నారు. మనకు పీట్ బదులు కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు ఉంది.

పాళ్లు: సిమెంటు ఒకటి, కోకోపీట్ ఒకటిన్నర, పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తెల్లటి తేలిక గుళికలు) ఒకటిన్నర. తూకం కాదు, ఒకే మగ్గుతో కొలవాలి. 14 అంగుళాల బేసిన్‌లో కుండీ పోయాలంటే నాలుగు లీటర్ల సిమెంటు, అంటే ఆరు కిలోలకు కాస్త తక్కువ, మిగతావి ఆరేసి లీటర్లు పడతాయి. పెర్లైట్ బదులు ఇసుక వేశావంటే బరువు మళ్లీ మొదటికొస్తుంది.

కోకోపీట్‌ను తెచ్చింది తెచ్చినట్టు కలిపేయకు. అందులో ఉప్పు, కొబ్బరి కషాయం ఉంటాయి. ఉప్పు తర్వాత కుండీ మీద తెల్లగా పూస్తుంది, కషాయం సిమెంటును త్వరగా గట్టిపడనివ్వదు. ఎర్రగా దిగే నీళ్లు తేటపడేదాకా మూడు నాలుగుసార్లు కడిగి, గట్టిగా పిండి, పీచులు జల్లించి తీసెయ్. సిమెంటు చేతుల్ని తినేస్తుంది, పెర్లైట్ దుమ్ము గొంతులోకి పోతుంది. అందుకని గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

ముందు మూడూ నీళ్లు లేకుండా బాగా కలుపు, తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా చిలకరించు. గుప్పెడు తీసి పిసికితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలే రాలాలి. ముద్ద చిట్లితే నీళ్లు చాలలేదు. ధారగా కారితే ఎక్కువయ్యాయి, ఆ కుండీ ఆరాక బీటలిస్తుంది. కలిపింది గంటలోపు వాడెయ్.

బేసిన్ లోపల పాలిథీన్ పరిచి, ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం ముక్కలు మూడు నిలబెట్టు. అవే నీళ్లు పోయే చిల్లులు. అడుగున రెండు అంగుళాల మందం వేసి నొక్కి, దాని మీద పదింబావు అంగుళాల చిన్న టబ్బు పెట్టు. దాంట్లో ఇసుక నింపు, లేకపోతే గోడలు కూరేటప్పుడు పక్కకు జరిగి ఒకవైపు గోడ పలచనవుతుంది. గోడలో పిడికెడు పిడికెడు వేస్తూ కర్రతో కూరు. గాలి మిగిలినచోటే చిట్లుతుంది.

మొత్తం పాలిథీన్‌తో కప్పి నీడలో పెట్టు. రోజున్నర తర్వాత గోరుతో గీసి చూడు: గీత పడాలి, గోరు దిగకూడదు. అప్పుడే ఊడదీసి, అంచులు గుండ్రం చేసి, ఇనుప బ్రష్‌తో పైపొర గీకు. రాతి రూపం ఆ గీకుడులోనే వస్తుంది. రెండు రోజులు ఆలస్యమైతే బ్రష్ జారిపోతుంది, తొందరపడితే అంచు విరిగి చేతికొస్తుంది.

ఇక అసలు పని. చాలామంది ఇక్కడే ఎండలో ఆరబెడతారు. సిమెంటు ఆరితే గట్టిపడదమ్మా, తడి ఉంటేనే గట్టిపడుతుంది. తడి గోనె చుట్టి, పైన పాలిథీన్ కప్పి, 43 గ్రేడు ఓపీసీ (మామూలు సిమెంటు) అయితే 21 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అయితే 28 రోజులు ఉంచు. ఏదన్నది బస్తా మీద రాసి ఉంటుంది. మన వేసవిలో గోనె పూటపూటకీ తడపాలి. రెండు పూటలు మరిస్తే గోడల మీద వెంట్రుకల్లాంటి బీటలొస్తాయి, వాటికి మందు లేదు.

తర్వాత చిల్లులు మూసి వారం రోజులు నీళ్లు నింపి, రోజూ పారబోయి. సిమెంటులోని సున్నం దిగిపోవాలి. అయినా కొంత క్షారం మిగులుతుంది కనుక నూరువరహాలు, గంధరాజం ఇందులో వద్దు, ఆకులు పచ్చబడతాయి. ఎడారి గులాబీ, కలబంద ముందు పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ