ఉప్పునీటి తొట్టి: చేప వేసే ముందు ఆరు వారాలు ఆగాలి

సందేహం: మాకు విడవలూరు మండలంలో ఆరెకరాల వనామి రొయ్యల చెరువులున్నాయి. మా అమ్మాయి అడిగిందని ఇంట్లో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టించాను. 200 లీటర్లు పడుతుంది. మైపాడు నుంచి సముద్రపు నీళ్లు క్యాన్లలో తెచ్చి పోసి, ఇసుక, సిరామిక్ రాళ్లు వేశాం. మర్నాడే నాలుగు క్లౌన్ చేపలు, రెండు డామ్సెల్ చేపలు వదిలాం. ఐదో రోజుకు రెండు చనిపోయాయి. మిగిలినవి పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి, ఒంటి మీద తెల్లగా ఉంది. ఫొటోలు పంపుతున్నాను. వైట్ స్పాట్ అని షాపతను యాంటీబయాటిక్ పొడి, రాగి మందు ఇచ్చాడు. పొడి రెండు రోజులు వేశాను. చెరువుకు వాడే ప్రోబయోటిక్ (మంచి బాక్టీరియా మందు) కూడా బెల్లంతో పులియబెట్టి ఒక మగ్గు పోశాను. నీళ్లు పాలలా అయిపోయాయి. రాగి మందు మోతాదు ఎంత? పగడాలు ఎప్పుడు పెట్టుకోవచ్చు?
– ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: రాగి మందు సీసా మూత తీయకండి. మీ చేపలకు వచ్చింది వైట్ స్పాట్ కాదు. వైట్ స్పాట్ అయితే రెక్కల మీద, ఒంటి మీద ఉప్మా రవ్వ చల్లినట్టు విడివిడిగా గింజలు కనిపిస్తాయి. మీ ఫొటోలో ఉన్నది పలచటి జిగురు పొర. మొప్పల మూతలు పైకి లేచి, లోపల ఎర్రగా కమిలి ఉన్నాయి. ఇది అమ్మోనియా దెబ్బ. దాని మీద బెల్లం నీళ్లు పడేసరికి ఉన్న ఆక్సిజన్ కూడా పోయింది. (చేపకు వచ్చే వైట్ స్పాట్ పరాన్నజీవి వల్ల, మీ రొయ్యకు వచ్చేది వైరస్ వల్ల. పేరు ఒకటే అయినా రెండింటికీ సంబంధం లేదు.)

మీరు ఇంత వివరంగా రాశారు కానీ అమ్మోనియా ఎంత, పీహెచ్ ఎంత, సెలైనిటీ (నీటిలో ఉప్పదనం) ఎంత అన్నది ఎక్కడా లేదు. చెరువు నీళ్లు ల్యాబుకు పంపకుండా వారం గడపరు కదా. ఇంట్లో తొట్టి నీళ్లు ఒక్కసారి కూడా చూపించకుండా రెండు రకాల మందులు ఎలా పోశారు? షాపతను కూడా నీళ్లు చూడకుండానే రోగం పేరు చెప్పాడు, యాంటీబయాటిక్ చేతిలో పెట్టాడు. చేప నీళ్లలోనే ఊపిరి పీల్చాలి, అందులోనే విసర్జించాలి. ఆ నీళ్లు చూడకుండా మందు చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి, వాళ్లు ఎంత అనుభవం ఉందని చెప్పినా సరే.

ముందు బతికున్న నాలుగు చేపల సంగతి. ఈ రోజే 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో కొత్త ఉప్పునీళ్లు నింపి వాటిని అందులోకి మార్చండి. సెలైనిటీలో తేడా 2 పీపీటీ (లీటరుకు 2 గ్రాముల ఉప్పు) దాటకూడదు, వేడి సమానంగా ఉండాలి. గాలి రాయి (బుడగలు వదిలే రాయి) గట్టిగా నడపండి. రెండు రోజులు మేత వద్దు. రోజూ సగం నీళ్లు మార్చండి. షాపులో కానీ తెలిసినవాళ్ల ఇంట్లో కానీ పాత తొట్టి ఉంటే అక్కడ వదిలిపెట్టడం ఇంకా మంచిది. ఇప్పటి తొట్టి నీళ్లన్నీ తీసేయండి. ఇసుక, రాళ్లు మంచినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

అసలు పొరపాటు మర్నాడే చేపలు వదలడం. చేప విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి రాళ్లకు, ఇసుకకు పట్టుకుని చాలా నెమ్మదిగా పెరుగుతాయి. ఇవి స్థిరపడేదాకా చేపలు లేకుండా తొట్టిని నడపడాన్నే సైక్లింగ్ అంటారు. ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి, పీహెచ్ 7.2 ఉన్న మంచినీటి తొట్టితో పోలిస్తే అదే అమ్మోనియాలో విషభాగం దాదాపు ఏడెనిమిది రెట్లు ఎక్కువ. యాంటీబయాటిక్ ఈ బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. మీ చెరువు ప్రోబయోటిక్‌లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ అనే వేరే బాక్టీరియా. అది కుళ్లును తింటుంది, అమ్మోనియాను నైట్రేట్ చేయదు. బెల్లం పడగానే ఒక్క రాత్రిలో విపరీతంగా పెరిగింది, ఆ పాల రంగు దానిదే. చెరువులో అమ్మోనియాకు వేసే జియోలైట్ రాతిపొడి వేద్దామని కూడా మీకు అనిపిస్తుంది. వద్దు, ఉప్పునీళ్లలో సోడియం అడ్డుపడి అది అమ్మోనియాను పట్టుకోలేదు.

నీళ్లు ఎలా? వానలు పడి పెన్నకు నీళ్లు వచ్చిన రోజుల్లో తీరం దగ్గర సెలైనిటీ పడిపోతుంది, బురద కూడా ఉంటుంది. అప్పుడు తేకండి. మిగతా రోజుల్లో నది మొగకు దూరంగా, పోటు మీద ఉన్నప్పుడు తెచ్చుకోండి. 200 లీటర్లకు 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 7 గ్రాములు కలిపి, రెండు రోజులు గాలి కొట్టించి, క్లోరిన్ కిట్‌లో సున్నా చూశాకే తొట్టిలో పోయాలి. చెరువు నీళ్లు, ఉప్పు బోరు నీళ్లు వద్దు. మడుల కల్లుప్పు కలుపుకోవడం కూడా కుదరదు, ఉప్పు పేరుకునేటప్పుడే కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం చాలావరకు విడిపోతాయి. ఉప్పునీటి తొట్లకు అమ్మే మెరైన్ అక్వేరియం సాల్ట్ అయితే ఆర్‌ఓ నీళ్లలో లీటరుకు సుమారు 36 గ్రాములు. మీ దగ్గర సెలైనిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంది కదా, 35 పీపీటీ దగ్గర నిలపండి. వేడి 26–28 డిగ్రీలు. రోహిణి కార్తెలో తొట్టి మీదకు ఫ్యాను పెడితే నీళ్లు తరుగుతాయి. తరిగిన మేర ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు, మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే సెలైనిటీ పెరుగుతుంది.

నీళ్లు సిద్ధమయ్యాక మీ చెరువులో 70 కౌంట్ (కిలోకు 70 తూగే) పచ్చి రొయ్య ఒకటి, అంటే 14 గ్రాములది, దోమతెర గుడ్డలో మూటగట్టి తొట్టిలో వేలాడదీయండి. 200 లీటర్లకు సరిగ్గా ఆ ఒక్కటి చాలు. అది కుళ్లి అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గరకు తెస్తుంది. 4 దాటితే మూట తీసేసి కొంత నీళ్లు మార్చండి. వాసన ఇష్టం లేకపోతే అమ్మోనియం క్లోరైడ్ 1.5 గ్రాములు వేసుకోవచ్చు. పంపు, గాలి రాయి రాత్రింబవళ్లు నడవాలి. లైటు వద్దు.

రెండు రోజులకోసారి కొలవండి. మొదటి వారంలో అమ్మోనియా ఎక్కుతుంది. రెండో వారం నుంచి అది దిగుతూ నైట్రైట్ ఎక్కుతుంది. నైట్రైట్ చూసి చెరువులో పడినట్టు టెన్షన్ పడకండి. ఇప్పుడు తొట్టిలో చేపలు లేవు, పైగా సముద్రపు నీళ్లలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి నైట్రైట్ మొప్పల్లోకి అంతగా వెళ్లదు. అది కూడా దిగి నైట్రేట్ కనిపించడానికి మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు. ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నిలిపే గుణం) 120 పీపీఎం కంటే తగ్గితే 7 గ్రాముల వంటసోడా వేయండి, 20 పెరుగుతుంది.

అయిందనడానికి ఒకటే పరీక్ష. మళ్లీ 1.5 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేసి, 24 గంటల తర్వాత చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. వరుసగా రెండుసార్లు అలా వచ్చాక సగం నీళ్లు మార్చి, ఒక జత క్లౌన్ చేపలు మాత్రమే వేయండి. ఇంకో రెండు వారాలు ఆగి మిగతావి. హేచరీలో పుట్టిన పిల్లలే కొనండి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) మండపం కేంద్రం క్లౌన్ పిల్లల ఉత్పత్తి చేసి చూపించింది, సముద్రంలో పట్టి తెచ్చిన చేప అక్కర్లేదు.

పగడాల విషయం. చేపలు వేశాక రెండు, మూడు నెలలు నీళ్లు నిలకడగా ఉంటేనే దాని గురించి ఆలోచించాలి. రాతి పగడాలన్నీ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షిత జీవులు. ఎవరైనా లైవ్ రాక్ (జీవులు పట్టుకుని ఉన్న సముద్రపు రాయి), సముద్రపు పగడం ముక్క తెచ్చిస్తామంటే వద్దని చెప్పండి. మీ సిరామిక్ రాళ్లు చాలు. రాగి మందు ఈ తొట్టిలో ఎప్పటికీ పడకూడదు, రాళ్లు పీల్చుకుని తర్వాత వదులుతాయి, పగడం, నత్త, రొయ్య ఏదీ బతకదు. నిజంగా వైట్ స్పాట్ వస్తే చేపను వేరే టబ్బులోకి తీసి అక్కడే వైద్యం చేయాలి.

మీ చెరువుల కోసం ఒక మాట. బయటి నుంచి వచ్చిన చేపల తొట్టి నీళ్లు కాలువలో కానీ చెరువు గట్టు మీద కానీ పారబోయకండి. ఇప్పుడు తీసే నీళ్లలో బ్లీచింగ్ కలిపి, మర్నాడు ఇంటి దగ్గర ఇంకుడు గుంతలో వదలండి. తొట్టి వల, మగ్గు, బకెట్ చెరువు దగ్గరకు తీసుకెళ్లొద్దు. మిగిలిన యాంటీబయాటిక్ పొడి మేత గోడౌన్లో పెట్టకండి. కుర్రాళ్లు పొరపాటున మేతలో కలిపితే రొయ్యలో అవశేషాలు తేలి సరుకు తిరస్కరిస్తారు.

రెండో వారం, నాలుగో వారం తొట్టి నీళ్లు లీటరు సీసాలో అంచుదాకా నింపి మూత బిగించి, చెరువు నమూనాలతో పాటే ల్యాబులో ఇవ్వండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఆల్కలినిటీ నాలుగూ చూడమనండి. ఆ కాగితం ఫొటో నాకు పంపండి.