నల్లగొండ ఓట్ల లెక్క పట్టేముందు

బిడ్డా,

నల్లగొండ పార్లమెంటు సీటు ఎన్నికల చరిత్ర రాస్తానన్నవు, సంతోషం. కమ్యూనిస్టుల ‘ఎర్రకోట’ అనే మాటతో మాత్రం మొదలుపెట్టకు. ముందు పటాలు పక్కపక్కన పరుచుకో. పేరు 1952 నుంచి అదే, నేల మాత్రం అదే కాదు.

1952లో ఇది ఇద్దరు సభ్యుల సీటు. రావి నారాయణరెడ్డి, సుంకం అచ్చాలు ఇద్దరూ పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున గెలిచారు. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం, అందుకే కమ్యూనిస్టులు ఆ పేరుతో నిలబడ్డారు. కాబట్టి సీపీఐ పేరుతో వెతికితే ఏమీ దొరకదు. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి గనుక, పడ్డ ఓట్లను ఓటర్ల సంఖ్యతో భాగించి పోలింగ్ శాతం తీస్తే తప్పు వస్తుంది. నెహ్రూ కంటే రావి నారాయణరెడ్డికే ఎక్కువ ఓట్లు వచ్చాయన్న మాట నువ్వూ విని ఉంటవు. అది నిజమే. నెహ్రూ నిలబడిందీ ఇద్దరు సభ్యుల సీటులోనే, అందుకని ఆ పోలికకు ఢోకా లేదు. 1957లో ఒక సీటు పీడీఎఫ్ దేవులపల్లి వెంకటేశ్వరరావుకు, రెండోది కాంగ్రెస్ దేవనపల్లి రాజయ్యకు పోయింది.

అసలు చిక్కు 1962 తర్వాత. ఆ ఏడాది మళ్లీ రావి నారాయణరెడ్డి గెలిచారు. ఇక 1967 నుంచి 1989 దాకా నల్లగొండలో ఎర్రజెండా గెలవనే లేదు. కాంగ్రెస్, 1971లో తెలంగాణ ప్రజాసమితి, మళ్లీ కాంగ్రెస్, 1984లో తెలుగుదేశం. ఈ ఒక్క వరుసే చూసి ‘ఎరుపు వెలిసింది’ అని రాసేవాళ్లు ఉన్నారు. పక్కనే మిర్యాలగూడ లోక్‌సభ సీటు ఉండేదని మరిచిపోతారు. అక్కడ సీపీఎం భీమిరెడ్డి నర్సింహారెడ్డి 1971, 1984, 1991లో గెలిచారు. 2008 పునర్విభజనలో ఆ సీటు పోయి, భువనగిరి సీటు వచ్చింది. ఇప్పటి నల్లగొండ ఎంపీ సీటు కింద ఉన్న ఏడు అసెంబ్లీ సీట్లు దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ. మునుగోడు, నకిరేకల్ భువనగిరి కిందికి పోయినయి. కాబట్టి 2004ను 2009తో ఒకే గీత మీద పెట్టకు, మధ్యలో అడ్డగీత గియ్యి.

పార్టీకి ఒక కాలమ్, పొత్తుకు ఒక కాలమ్ వేరుగా పెట్టుకో. 2004లో సురవరం సుధాకర్‌రెడ్డికి పడ్డవన్నీ సీపీఐ ఓట్లు కావు, కాంగ్రెస్, టీఆర్ఎస్ పొత్తు ఓట్లు అందులో ఉన్నయి. గుత్తా సుఖేందర్‌రెడ్డి 1999లో తెలుగుదేశం నుంచి, 2009, 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచారు. మనిషి ఓటెంత, జెండా ఓటెంత అన్నది ఇక్కడ తేల్చడం కష్టం. తేలకపోతే తేలలేదనే రాయి.

1996ను పట్టికలోంచి తీసి విడిగా పెట్టు. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలవాలని జల సాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేస్తే అభ్యర్థులు 480 మంది అయ్యారు. బ్యాలెట్ పుస్తకమంత అయి, పోలింగే వాయిదా పడ్డది. గెలిచింది సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షం. ఆ ఎన్నికలో స్వతంత్రుల ఓట్ల శాతం చూసి స్వతంత్రుల గాలి వీచిందనుకోకు. ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఆ తర్వాత స్వతంత్రుల సంఖ్య తగ్గడం వెనుక డబ్బు లెక్క కూడా ఉంది.

ఇక బూత్ లెక్క. దీనికి ఫారం-20, అంటే బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చూపే ఫలితాల పత్రం కావాలి. లోక్‌సభకు కూడా అది అసెంబ్లీ సెగ్మెంట్ వారీగా ఉంటుంది. చాలావరకు స్కాన్ కాపీలే, అడ్డంగా తిరిగి ఉంటయి, 3కు 8కి తేడా తెలవదు. అందుకని ప్రతి వరుసలో అభ్యర్థుల ఓట్లు, నోటా కూడి చివరి మొత్తంతో సరిచూసుకో. అభ్యర్థుల వరుస ప్రతి ఎన్నికకూ మారుతుంది. 2018 కాలమ్ పక్కన 2023 కాలమ్ కళ్లు మూసుకొని అతికిస్తే కారు ఓట్లు చేతికి, చేతి ఓట్లు కారుకు పోతయి. పోస్టల్ ఓట్లు చివర విడిగా ఉంటయి, వాటిని ఏ ఊరికీ కలపకు. బూత్ నంబరును నమ్మకు. అది మారుతుంది. ఊరి పేరు, బడి పేరు పట్టి జతచెయ్యి. 2018లో చాలా తండాలు కొత్త పంచాయతీలయినయి, పాత జాబితాలో అవి పెద్ద ఊరి కిందనే దొరుకుతయి.

అసెంబ్లీని, లోక్‌సభను కలిపి చదివితే ఒక్కోసారి లెక్క తిరగబడుతుంది. 2018 డిసెంబర్ అసెంబ్లీ ఎన్నికల్లో నల్లగొండ కిందున్న ఏడు సీట్లలో కాంగ్రెస్‌కు వచ్చింది ఒక్క హుజూర్‌నగరే. నాలుగు నెలలకే జరిగిన లోక్‌సభ పోలింగ్‌లో కాంగ్రెస్ ఉత్తమ్‌కుమార్‌రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచారు. ఉపఎన్నికలనైతే సాధారణ ఎన్నికలతో అసలు కలపకు. 2022 మునుగోడులో 93 శాతం దాకా పోలింగ్ అయింది. హైదరాబాద్‌లో బతికే ఓటర్లను బస్సులు, కార్లు పెట్టి రప్పించుకున్న ఎన్నిక అది. దాన్ని మామూలు ఏడాదికి కొలతగా పెట్టుకుంటే మిగతావన్నీ చప్పగా కనిపిస్తయి.

గుర్తు కూడా చూడు. 2019లో భువనగిరి ఎంపీ సీటు 5,219 ఓట్ల తేడాతో తేలింది. అక్కడ రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా పడ్డయి. కారు అనుకొని రోలర్‌కు వేశారన్నది టీఆర్ఎస్ వాదన. వాదన అనే రాయి. ఎన్ని పొరపాటువో ఫారం-20 చెప్పదు.

కులం కాలమ్ కూడా అందులో లేదు. ఎవరో చెప్పిన అంచనాను అంకె చేసి నింపకు. రెండు మూడు వందల ఓట్ల చిన్న తండా బూత్ అయితే పేరు పెట్టి ఎవరికి వేసిందో రాయకు, రేపు వాళ్లను నిలదీసేవాళ్లు ఉంటరు. పక్క నాలుగు బూత్‌లతో కలిపి చెప్పు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఊర్లు ఒక కట్ట, దేవరకొండ వైపు మెట్ట ఊర్లు ఇంకో కట్టగా పెడితే పని సులువైతది.

ముందు ఒక్క మండలం పూర్తిచేసి పంపు, నేను కూడికలు చూస్త. సూర్యాపేట పట్టణంతో మొదలుపెట్టకు, అక్కడ ఒకే బడిలో నాలుగైదు బూత్‌లు ఉంటయి, ఏది ఏ వాడదో తెలుసుకునేసరికి వారం పోతది.

ఆశీస్సులతో,
మీ పెదనాయిన