రెప్పల ఆపరేషన్‌కి ముందు నీకొక ఉత్తరం

చిరంజీవి లలితకు పెద్దమ్మ ఆశీస్సులు.

పైరెప్పలు వాలిపోయి ఎప్పుడు చూసినా నిద్రలేనట్టు కనిపిస్తున్నానని, ఆపరేషన్ చేయించుకుందామని ఉందని రాశావు. ఈ వయసులో ఇదేం సోకని నలుగురూ అనుకుంటారేమోనన్న బెంగ మాత్రం పెట్టుకోకు. ముఖం నీది, అద్దంలో రోజూ చూసుకునేది నువ్వు. కంటి వార్డులో నర్సుగా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను దగ్గరుండి చూసుకున్నదాన్ని. తృప్తిగా వెళ్లినవాళ్లే ఎక్కువ. నిరాశపడ్డవాళ్లు చాలావరకు ఈ ఆపరేషన్‌తో కాని పనిని దీన్నుంచి ఆశించినవాళ్లే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నీ రెప్ప ఎందుకు వాలుతోందో తేలాలి. వయసుతో చర్మం సాగి మడతలా వేలాడటం ఒక రకం. రెప్పను పైకెత్తే కండరం సడలి, రెప్ప అంచే కిందికి దిగడం ఇంకో రకం, దాన్ని టోసిస్ అంటారు. ఒక్కోసారి కనుబొమే జారి చర్మాన్ని కిందికి తోస్తుంది. చూడటానికి మూడూ ఒకేలా ఉంటాయి. నువ్వు అడుగుతున్న బ్లెఫరోప్లాస్టీలో సాగిన చర్మాన్నీ, అవసరమైతే కాస్త కొవ్వునూ తీస్తారు. సడలిన కండరాన్ని బిగించడం వేరే పని. కనుబొమ జారినవాళ్లకు రెప్ప చర్మం మాత్రమే తీసేస్తే కనుబొమ ఇంకా కిందికి దిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి “నాది ఏ రకం డాక్టర్‌గారూ?” అని మొహమాటపడకుండా అడుగు. కళ్ల కింద నలుపు, నవ్వితే కంటి మూలల్లో పడే గీతలు దీంతో పోవని కూడా తెలుసుకుని వెళ్లు.

ఓక్యులోప్లాస్టీలో, అంటే రెప్పలూ కంటి చుట్టూ ఉండే భాగాల ఆపరేషన్లలో, శిక్షణ ఉన్న కంటి డాక్టర్ దగ్గరికో, రెప్పల ఆపరేషన్లు తరచూ చేసే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికో వెళ్లు. కళ్లు పొడిబారుతున్నాయేమో చూడకుండానే తేదీ ఇచ్చేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లు. కిందిరెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి, 5 నిమిషాల్లో అది ఎంత తడిసిందో చూసే పరీక్ష ఒకటుంది. ముందే పొడి కళ్లున్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత మంట, గరగర ఎక్కువవుతాయి. థైరాయిడ్, బీపీ, షుగర్ ఏది ఉన్నా, కళ్లజోడు అవసరం తగ్గించే లేసిక్ లాంటి లేజర్ ఆపరేషన్ చేయించుకుని ఉన్నా దాచొద్దు.

మందుల విషయంలో బాగా జాగ్రత్త. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేపనూనె గుళికలు, విటమిన్ ఇ లాంటివి వాడుతుంటే రక్తం త్వరగా ఆగదు. అందుకని కొన్నాళ్ల ముందే ఆపమంటారు. కానీ గుండె కోసం రాసిచ్చిన మాత్రను నీ అంతట నువ్వు ఆపావో, అసలు ప్రమాదం అదే. ఇద్దరు డాక్టర్లనూ మాట్లాడుకోనివ్వు.

ఆపరేషన్ రోజున నిన్ను కూర్చోబెట్టే రెప్పల మీద పెన్నుతో గీతలు గీస్తారు. పడుకుంటే చర్మం పక్కలకు జారి లెక్క తప్పుతుంది. చిన్న పటకారుతో అదనపు చర్మాన్ని పట్టి, రెప్పవెంట్రుకలు కాస్త పైకి లేచేదాకా చూస్తారు. అంతకు మించి తీస్తే కన్ను పూర్తిగా మూతపడదు. కనుబొమకూ రెప్పవెంట్రుకలకూ మధ్య సుమారు 20 మిల్లీమీటర్ల చర్మమైనా మిగలాలని సర్జన్లు చూసుకుంటారు. డబ్బెలాగూ పెడుతున్నాం కదా అని “ఇంకాస్త తీసేయండి” అని మాత్రం అడగకు. తక్కువ తీస్తే తర్వాత తీయొచ్చు, ఎక్కువ తీస్తే ఇంకో చోటి చర్మం తెచ్చి అతికించాల్సి రావచ్చు.

మత్తు ఇంజెక్షన్ రెప్పలోకి ఇచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, ఆ తర్వాత లాగుతున్నట్టు తెలుస్తుందే తప్ప నొప్పి ఉండదు. పైరెప్పలు రెండూ సుమారు గంటలో అయిపోతాయి. కోత రెప్ప మడతలోనే దాగిపోతుంది.

మొదటి రాత్రి ఆయింట్‌మెంట్ వల్ల చూపు మసకమసకగా ఉంటుంది, కంగారుపడకు. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకో. మొదటి 2 రోజులు మెలకువగా ఉన్నప్పుడు చల్లటి గుడ్డ వేస్తూ ఉండాలి, ఐసుని నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు. వాపు మర్నాటికంటే రెండో రోజో మూడో రోజో ఎక్కువవుతుంది. కళ్ల చుట్టూ కమిలి, ఒక కన్ను చిన్నది ఒకటి పెద్దదిగా కనిపించి, ఎందుకు చేయించుకున్నానా అని ఏడుపొస్తుంది. అప్పటి ముఖాన్ని చూసి ఏ నిర్ణయానికీ రాకు, ఫోటోలు తీసి ఎవరికీ పంపకు.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. ఒక కంట్లో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, కన్ను గట్టిపడి ముందుకు ఉబికినా, తుడుచుకున్నా చూపు తగ్గినట్టే ఉన్నా తెల్లవారేదాకా ఆగొద్దు. కంటి వెనక రక్తం చేరితే చూపే పోవచ్చు. అరుదే, కానీ గంటల్లో చికిత్స జరగాలి. అందుకే మొదటి రాత్రి ఎవరో ఒకరు నీతో ఉండాల్సిందే.

కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు. వాపు, కమిలిన నలుపు ఒకటి రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఈలోపు బరువులెత్తడం, తల వంచి పనిచేయడం, కళ్లు నలుపుకోవడం కుదరదు. కాంటాక్ట్ లెన్సులు, కంటికి మేకప్ డాక్టర్ సరే అన్నాకే. బయటికెళ్తే నల్లద్దాలు పెట్టుకో. కుట్ల గీత కొన్ని నెలలు ఎర్రగానే ఉంటుంది. కళ్లు పూర్తిగా కుదురుకోవడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, సవరణ కావాలా వద్దా అన్న మాట అప్పుడే ఎత్తు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు నువ్వు వేసుకునే మందుల పేర్లన్నీ, బలానికని కొనుక్కునేవాటితో సహా, ఒక కాగితం మీద రాసి నాకూ పంపు. తోడుగా ఎవరూ లేకపోతే చెప్పు, నేనే వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ