40 శాతం సర్టిఫికెట్ లేకపోతే స్కూలు ఏమీ చేయక్కర్లేదా?

ప్రశ్న: మా బాబుకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. చెబితే ఇట్టే అర్థం చేసుకుంటాడు. కానీ ఒక పని మీద పది నిమిషాలు కుదురుగా ఉండలేడు. పరీక్షలో తెలిసిన జవాబులు కూడా వదిలేసి వస్తాడు. సైకియాట్రిస్ట్ చూసి ఏడీహెచ్‌డీ అన్నారు. అల్లరి ఉండదు, ధ్యాస నిలవకపోవడమే సమస్య అట. ఆ కాగితం స్కూల్లో చూపిస్తే, ‘40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ తెస్తే చూద్దాం. వాడికి బద్ధకం, అంతే. మా పద్ధతి నచ్చకపోతే టీసీ తీసుకోండి’ అన్నారు. చట్టప్రకారం మేం ఏమైనా అడగవచ్చా?

జవాబు: అడగవచ్చమ్మా. స్కూలు వాళ్లు రెండు వేర్వేరు విషయాలను కలిపేసి మాట్లాడుతున్నారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 40 శాతం అనే గీత ఉన్న మాట నిజమే. అయితే అది రిజర్వేషన్లు, 18 ఏళ్ల వరకు ఉచిత విద్య వంటి కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకే. అదే చట్టంలోని సెక్షన్ 16, 17 చదువు గురించి చెబుతాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడుల్లో పిల్లవాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలని, పరీక్షలో అదనపు సమయం వంటి మార్పులు ఉండాలని అక్కడ ఉంది. ఈ సర్దుబాట్లకు, పరీక్ష మార్పులకు అక్కడ శాతం షరతు లేదు. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. రాయడానికి చేయి సహకరించని ఒక సివిల్ సర్వీసెస్ అభ్యర్థికి, 40 శాతం గీతతో సంబంధం లేకుండా స్క్రైబ్‌ను, అంటే చెబితే జవాబులు రాసిపెట్టే మనిషిని, ఇవ్వాల్సిందేనంది.

ఇక మీ కేసులో బలహీనత ఎక్కడుందో కూడా తెలుసుకోండి. చట్టం చివర షెడ్యూలులో ఉన్న 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. దానికి మన సమాధానం, సెక్షన్ 2లో దివ్యాంగులు అంటే ఎవరో చెప్పిన నిర్వచనం ఆ జాబితాకే పరిమితం కాలేదు అని. దీర్ఘకాలిక మానసిక లేదా శారీరక లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి, నలుగురితో సమానంగా పాల్గొననివ్వకపోతే చాలు. ఇది గట్టి వాదనే, కానీ వాదించి నెగ్గాల్సిన వాదన. అందుకే ఒక పని ముందే చేయించండి. క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర చదవడం, రాయడం, లెక్కల్లో లెర్నింగ్ డిజెబిలిటీ ఉందేమో పరీక్ష చేయించండి. ధ్యాస సమస్య ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది కూడా ఉంటుంది, పైకి కనిపించదు. అది షెడ్యూలులో పేరుతో సహా ఉంది కాబట్టి, బయటపడితే మీ దారి బాగా సులువవుతుంది. లేనిది ఉన్నట్టు రాయించమనడం లేదు, ఉన్నదాన్ని వదిలేయొద్దంటున్నాను.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితం సంగతి. జబ్బు పేరు, మందుల పేరు మాత్రమే ఉన్న చీటీతో ఏ ప్రిన్సిపాలూ కదలరు. నా దగ్గరికొచ్చే ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి. రిపోర్టులో మూడు సంగతులు ఉండాలి: సమస్య ఎప్పటి నుంచి ఉంది, తరగతిలో, పరీక్షలో ఏ పనికి అడ్డుపడుతోంది, దానికి ఏ సర్దుబాటు కావాలి. మొదటిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏడీహెచ్‌డీ నిర్ధారణకు 12 ఏళ్లలోపే లక్షణాలు కనిపించి ఉండాలి, అదీ ఇల్లు, బడి వంటి కనీసం రెండు చోట్ల. మీవాడి చిన్న తరగతుల ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు ‘దిక్కులు చూస్తాడు’, ‘పని పూర్తి చేయడు’ అని రాసి ఉంటే అవన్నీ వెతికి డాక్టరుకు ఇవ్వండి. ఇవాళ బద్ధకం అంటున్నవాళ్లకు స్కూలు చేతిరాతే జవాబు చెబుతుంది.

సర్దుబాటు అనగానే అందరూ అదనపు సమయం అడుగుతారు. ధ్యాస నిలవని పిల్లవాణ్ని సందడిగా ఉన్న హాల్లో ఇంకో గంట కూర్చోబెడితే ఇంకో గంట దిక్కులు చూస్తాడు, అంతే. ముందు వరస సీటు, పరీక్షకు ప్రశాంతమైన గది, మధ్యలో చిన్న విరామం, పెద్ద ప్రాజెక్టును ముక్కలుగా ఇవ్వడం, నోటిమాటగా చెప్పిన హోంవర్కు డైరీలో ఉందో లేదో ఒక టీచరు చూడటం లాంటివి చాలామందికి ఎక్కువ పనికొస్తాయి. వీటికి స్కూలుకు పెద్ద ఖర్చూ లేదు. మీవాడికి ఏవి కావాలో వాణ్నే అడగండి, పద్నాలుగేళ్లవాడికి తన ఇబ్బంది తెలుసు. తర్వాత వాటిని సైకాలజిస్టుతో రిపోర్టులో రాయించండి.

ఆ రిపోర్టు జతచేసి ప్రిన్సిపాలుకు ఒక పేజీ లేఖ రాయండి. సెక్షన్ 16, 17 పేర్కొని, అడిగేవి వరుసగా రాసి, 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమనండి. కాపీ మీద అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మొదటి లేఖలోనే కేసు, కోర్టు అనొద్దు, రేపు ఆ టీచర్లతోనే పని. అలాగే మందుల వివరాలు, ఇంటి విషయాలు ఉన్న పూర్తి ఫైలు ఇవ్వక్కర్లేదు. బడికి సంబంధించిన భాగం చాలు.

వచ్చే ఏడాది బోర్డు పరీక్ష ఉంది కాబట్టి ఆలస్యం చేయకండి. అక్కడ స్కూలు ఒప్పుకుంటే సరిపోదు, రాయితీ ఇచ్చేది బోర్డు. దాని నిబంధనలు, అది కోరే సర్టిఫికెట్ వేరు. సీబీఎస్ఈలో అర్హులకు మూడు గంటల పేపరుకు 60 నిమిషాలు అదనంగా ఇస్తారు, దరఖాస్తు మాత్రం స్కూలు ద్వారానే వెళ్లాలి. హాల్ టికెట్లు వచ్చాక పరిగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు.

స్కూలు జవాబివ్వకపోతే, కాదంటే, జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లండి. ఈ పిల్లల ప్రవేశాలు, సదుపాయాలు చూడటానికి అక్కడ ఒక నోడల్ అధికారి ఉండాలని చట్టం కింద 2017లో చేసిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. విచారణలో ఆయనకు సాక్షులను పిలిపించే, కాగితాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలుంటాయి. ఆయన ఇచ్చేది సిఫారసే, కానీ దాని మీద ఏం చేశారో మూడు నెలల్లో తెలపాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. ఫిర్యాదుకు లాయరు కూడా అక్కర్లేదు. హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడం ఆఖరి మెట్టు.

టీసీ గురించి ఒక జాగ్రత్త. బడి నుంచి తీసేయకూడదన్న విద్యాహక్కు చట్టం రక్షణ ఎనిమిదో తరగతితోనే అయిపోతుంది, మీవాడు తొమ్మిది. అయినా వైకల్యం కారణంగా వెళ్లగొట్టడం 2016 చట్టం సెక్షన్ 3 కింద వివక్షేనని వాదించవచ్చు. ఈ సంగతి తెలిసే చాలా స్కూళ్లు టీసీ తాము ఇవ్వవు, ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని తల్లిదండ్రుల చేతే దరఖాస్తు రాయిస్తాయి. ఎంత టెన్షన్ పెట్టినా అలాంటి కాగితం మీద సంతకం చేయకండి. పంపించేయాలనుకుంటే కారణం ఏమిటో వాళ్లనే రాసివ్వమనండి.