మూడో సెమిస్టర్‌లో స్పానిష్ మొహం మొత్తితే...

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ స్పానిష్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది అనంతపురం జిల్లా. ఇంటర్ ఎంపీసీ. ఇష్టపడే ఈ కోర్సులో చేరాను. మొదటి ఏడాది క్లాసులో ముందుండేదాన్ని. సబ్‌జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం) మొదలయ్యాక బుర్రకు ఏమీ ఎక్కడం లేదు. వీడియో పెడితే ఒక్క ముక్క అర్థం కాదు. బీటెక్‌లో చేరిన స్నేహితులు ఇంటర్న్‌షిప్‌ల గురించి మాట్లాడుకుంటున్నారు. 'ఇప్పటికైనా కంప్యూటర్ కోర్సులోకి మారిపో' అని నాన్న అంటున్నారు. మానేయమంటారా?
- ఒక విద్యార్థిని

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు దసరా ముందు ఎక్కువగా వస్తుంటాయి. ఒకరిది ఫ్రెంచ్, ఒకరిది జర్మన్, ఇంకొకరిది జపనీస్. సెమిస్టర్ మాత్రం దాదాపు అందరిదీ మూడోదే.

మొదటి ఏడాది సున్నా నుంచి మొదలుపెడతారు. పేరు చెప్పడం, కాఫీ అడగడం, ఇంట్లోవాళ్ల గురించి పది వాక్యాలు... వారం వారం ఏదో ఒకటి చేతికందుతుంది. రెండో ఏడాది అంతే కష్టపడినా కంటికి ఆనేది తక్కువ. భాషా స్థాయిల్లో ప్రాథమిక మెట్టయిన ఏ2 నుంచి మధ్య మెట్టయిన బీ1కి వెళ్లే దారి అలాగే ఉంటుంది. నేను ఫ్రెంచ్ వదిలేసింది సరిగ్గా అక్కడే. నా సలహాలో ఆ పశ్చాత్తాపం కూడా కొంత కలిసి ఉంటుంది, గమనించి చదవండి.

ఒక చిన్న లెక్క వేద్దాం. అమెరికా తన దౌత్య సిబ్బందికి స్పానిష్ నేర్పడానికి సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుందని లెక్కగట్టుకుంది. అది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు, అదే ఉద్యోగంగా రోజంతా కూర్చుని చదివేవాళ్లకు. మీకు వారానికి 12 గంటల తరగతులు, సెమిస్టర్‌కు 15 వారాలు అనుకున్నా ఇప్పటికి 450 గంటలు దాటవు. వీడియో అర్థం కాలేదంటే మీలో లోపం ఉన్నట్టు కాదు, ఇంకా గంటలు నిండలేదన్నమాట.

ఇక సబ్‌జంక్టివ్. దాన్ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటున్నారని నా అనుమానం. ఒకసారి తెలుగులో చూడండి. 'నువ్వు వస్తావని తెలుసు' అంటాం. 'నువ్వు రావాలని కోరుకుంటున్నా' అంటాం. తెలిసిన సంగతి అయితే 'వస్తావని', మనసులో కోరిక అయితే 'రావాలని'. మనం తడుముకోకుండానే క్రియను మార్చేస్తున్నాం. స్పానిష్‌లో మొదటిది 'సే కె బ్యేనెస్', రెండోది 'క్యేరో కె బేంగాస్'. బ్యేనెస్ కాస్తా బేంగాస్ అయింది, అంతే. అన్నిచోట్లా ఇలా అతకదు కానీ, భయం పోవడానికి ఇది చాలు. 'మే గుస్తా ఎల్ మాంగో' కూడా అంతే. ఇంగ్లిష్‌వాళ్లు దీని దగ్గర తలకిందులవుతారు. మనకైతే అది 'నాకు మామిడిపండు ఇష్టం', 'నేను' కాదు, 'నాకు'. 'నేను' అనకుండా 'వస్తాను' అంటే చాలదూ మనకు? స్పానిష్‌వాళ్లకూ 'బేంగో' అంటే చాలు. నువ్వు-మీరు తేడా ఎలాగూ ఉంది. నోట్సులో ఇంగ్లిష్ అర్థాల పక్కన తెలుగు వాక్యం కూడా రాసుకోవడం ఈ వారమే మొదలుపెట్టండి.

అయితే మీ అసలు ఇబ్బంది వ్యాకరణం కాదేమో. భాషలు నేర్చుకునేవారి ప్రేరణ మీద పనిచేసిన హంగరీ పరిశోధకుడు జోల్తాన్ డోర్నేయి రెండు రకాల 'నేను'ల గురించి చెప్పాడు. ఇతరులు నన్ను ఎలా ఉండమంటున్నారన్నది ఒకటి, ఆ భాష మాట్లాడుతూ నన్ను నేను ఎలా ఊహించుకుంటున్నానన్నది రెండోది. మీ ఉత్తరంలో నాన్న ఉన్నారు, బీటెక్ స్నేహితులు ఉన్నారు. స్పానిష్ మాట్లాడుతున్న మీరు మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఎవరితో మాట్లాడుతున్నారు? ఏ పని మీద? ఆ బొమ్మ లేకుండా 'మంచి ప్యాకేజీ' అనే మాట ఒక్కటే పట్టుకుంటే, మంగళవారం రాత్రి తొమ్మిదింటికి పుస్తకం తెరవడానికి అది సరిపోదు.

ఆ బొమ్మ వెతకడానికి మీరు మాడ్రిడ్ వెళ్లక్కర్లేదు, సెలవులకు ఇంటికి వెళ్తే చాలు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మీ జిల్లాకు వచ్చి, 2009లో అక్కడే కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన సేవాసంస్థ ఆర్డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పెయిన్‌లో వేలమంది దాతలున్నారు. తాము చదివిస్తున్న పిల్లల్ని చూడటానికి వాళ్లు అనంతపురం వస్తుంటారు. బడి పిల్లాడి మాట స్పానిష్‌లోకి, అవతలివారి మాట తెలుగులోకి మార్చి చెప్పేవాళ్లు అక్కడ ఉన్నారు. పల్లెటూరి డిగ్రీ పిల్లలకు స్పానిష్‌తో పాటు ఇతర విదేశీ భాషలు నేర్పే బడి కూడా ఆర్డీటీకి ఉంది. వెళ్లండి, అలా అనువదించేవాళ్లలో ఒకరితో అరగంట కూర్చోండి. రెండో ఏడాదిలో తమకేమైందో అడగండి. వీలైతే ఒక పూట వాళ్ల పక్కన నిలబడి వినండి. మీ స్పానిష్ అవసరమైన మనిషి ఎదురుగా ఉంటే చదువు తీరే వేరుగా ఉంటుంది.

నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి, అందులో నిజం ఉంది. బీ1తో ఆగిపోయిన స్పానిష్‌కు మార్కెట్లో పెద్ద విలువ లేదు. బీ2 చేతిలో ఉండాలి, దాని పక్కన ఇంకో పని కూడా తెలిసి ఉండాలి. హైదరాబాద్ మందుల కంపెనీలకు లాటిన్ అమెరికాతో వ్యాపారం ఉంది. డాక్టర్ రెడ్డీస్ 2005లోనే మెక్సికోలోని క్వెర్నవాకాలో ఫ్యాక్టరీ కొన్నది. అలాంటిచోట పత్రాలు చూడాలంటే స్పానిష్‌తో పాటు ఎక్సెల్, ఆ రంగం మాటలు కూడా కావాలి. కంప్యూటర్ కోర్సును నాన్న స్పానిష్‌కు బదులుగా చేయమంటున్నారు, నేను దాని పక్కన చేయమంటున్నాను. ఎంపీసీ చదివిన మీకు అది భారం కాదు. డిగ్రీ అయ్యేలోగా డెలే అనే స్పానిష్ పరీక్ష బీ2 స్థాయిలో రాయడం లక్ష్యంగా పెట్టుకోండి. స్పెయిన్ ప్రభుత్వం తరఫున ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ అనే సంస్థ ఇచ్చే ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉండదు. సియెలే అనే మరో పరీక్ష ఉంది కానీ దాని ఫలితం ఐదేళ్లే చెల్లుతుంది.

మానేయడం గురించి: నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాయకుండా మాత్రం వద్దు. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం నడిచే నాలుగేళ్ల డిగ్రీల్లో రెండేళ్లు పూర్తిచేసినవారు డిప్లొమాతో బయటకు రావచ్చు. మీ విశ్వవిద్యాలయంలో ఈ వీలు ఎలా ఉందో పరీక్షల విభాగంలో అడిగి తెలుసుకోండి. ఈలోగా రోజుకు ఇరవై నిమిషాలు, ఒకే ఆడియో ముక్కను మూడుసార్లు వినండి. మొదటిసారి ఊరికే, రెండోసారి రాతప్రతి చూస్తూ, మూడోసారి మళ్లీ ఊరికే. ఎనిమిది వారాలు ఇలా చేశాక, అర్థమైన రోజున కూడా మీకు ఏ సంతోషమూ కలగకపోతే మారిపోండి, నేనే నాన్నగారి పక్షాన మాట్లాడతాను. అర్థం కాని రోజున ఏడుపొచ్చి, అర్థమైన రోజున రూమ్మేట్‌ను పట్టుకుని చెప్పాలనిపిస్తే ఐదో సెమిస్టర్ ఫీజు కట్టేయండి.