నాన్న మీద కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, నీ కథ చిత్తుప్రతి చేరింది. పదేళ్ల కూతురు, అప్పులపాలైన తండ్రి, వారిద్దరి మధ్య ఏళ్ల తరబడి పెరిగిన దూరం, ఇవన్నీ నువ్వు దగ్గరగా ఎరిగినవేనని ప్రతి పేజీలోనూ తెలుస్తూనే ఉంది. ఆ పిల్ల అమాయకత్వం పోయిన ఘడియను ఎలా రాయాలో తోచడం లేదని అడిగావు. దాన్ని నువ్వు ఇదివరకే రాశావు. రాసి, గమనించకుండా దాటిపోయావు.

అప్పులవాడు వచ్చినప్పుడు తండ్రి లోపలి గదిలో దాక్కుని, తాను ఇంట్లో లేనని కూతురి చేత చెప్పించే ఘట్టం ఉంది కదా. తలుపు తీయబోతూ ఆ పిల్ల గుమ్మం దగ్గరున్న తండ్రి చెప్పులను కాలితో చాటుకు నెట్టిందని ఒక్క వాక్యం రాశావు. ఆ వెంటనే, ఆ రోజుతో తన బాల్యం ముగిసిపోయిందంటూ అరపేజీ దుఃఖం రాశావు. ఆ అరపేజీ కొట్టెయ్యి. అబద్ధం చెప్పమన్నవాడు తండ్రే గాని, చెప్పులు దాచమని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అది తనంతట తనకు తోచిన పని. తండ్రి భయాన్ని తన భయంగా చేసుకుని, దాన్ని పరాయివాడి కంటపడకుండా కప్పిపెట్టడం కూడా నేర్చేసిన పిల్ల అప్పటికే మారిపోయింది. ఆ సంగతి ఆమెకింకా తెలియదు. తెలియకపోవడమే అక్కడి విషాదం కాబట్టి, దాన్ని ఆమె నోట చెప్పించకూడదు.

హెన్రీ జేమ్స్ 1897లో వెలువరించిన ‘వాట్ మెయిజీ న్యూ’ నవలను వీలు చూసుకుని చదువు. విడాకులు తీసుకున్న తల్లిదండ్రులు ఒకరి మీద ఒకరికున్న కసిని తమ చిన్న కూతురి చేత మోయిస్తారు. ఈ ఇంట విన్న తిట్టును ఆ ఇంట అప్పజెప్పడం ఆ పిల్ల పని. తాను చేస్తున్నదేమిటో అర్థమైన నాటినుంచి ఆమె ఏమీ విననట్టు, ఏదీ గుర్తులేనట్టు ఉండిపోతుంది. పెద్దలు ఆమెను మందమతి అనుకుంటారు. కాని తనకంటూ లోపల ఒక మనసు ఉందని, దాన్ని బయటపెట్టకుండా దాచుకోవచ్చునని ఆమె కనిపెట్టింది అప్పుడే. జేమ్స్ ఆ పిల్ల మాటలను అనుకరించలేదు. భాష పూర్తిగా పెద్దవాడిదే, చూపు మాత్రం పిల్లది.

నీ కథలో ఈ రెండూ కలగాపులగమయ్యాయి. ‘నేను’ అని చెబుతున్నది పదేళ్ల పిల్లా, నడివయసు స్త్రీయా అన్నది ముందు తేల్చుకో. 1860–61లో ధారావాహికగా వచ్చిన డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో కథ చెప్పేవాడు పెద్దవాడైన పిప్. తనను తండ్రిలా పెంచిన బావ జో, కమ్మరి, నగరంలో తనను చూడడానికి వస్తున్నాడని తెలిసినప్పుడు, డబ్బిచ్చి ఆపగలిగితే ఆపేవాణ్ణేనని దాచకుండా ఒప్పుకుంటాడు. ఆ కలయికలో జో టోపీ పెట్టిన చోట నిలవక మాటిమాటికీ జారిపడుతూ ఉంటుంది. అతను పిప్‌ను ఒకసారి పేరు పెట్టి, మరొకసారి అయ్యా అని పిలుస్తూ తడబడతాడు. ఆ టోపీ, ఆ పిలుపు చాలు, ఇద్దరి మధ్య ఏమి తెగిపోయిందో మనకు అర్థమవుతుంది. పెద్దరికంతో వెనక్కి చూసి చెప్పదలిస్తే ఆపాటి నిజాయితీ ఉండాలి. లేదంటే పిల్ల కళ్లతోనే చూసి, వ్యాఖ్యానం మానుకో.

ఇక తండ్రి సంగతి. నీ కథలో నాకు బొత్తిగా నచ్చనిది ఆయనే. కథ పొడుగునా ఆయన అరవడమే తప్ప, తనకొక కారణమంటూ ఉన్న మనిషిగా ఒక్కచోటా నిలబడలేదు. జర్మన్ భాషా రచయిత కాఫ్కా 1919లో, 36 ఏళ్ల వయసులో, తండ్రికి ఒక సుదీర్ఘమైన లేఖ రాశాడు. అందులో ఒక చిన్ననాటి రాత్రి ఉంది. దాహం వేసి కాదు, కొంత విసిగించడానికీ కొంత తన సరదాకీ నీళ్లు కావాలని ఏడుస్తూ ఉంటే, బెదిరించినా మానకపోయేసరికి తండ్రి ఆ పిల్లవాణ్ణి పక్కమీది నుంచి ఎత్తుకుపోయి, రాత్రి చొక్కాతోనే బయటి వసారాలో, మూసిన తలుపు ముందు కాసేపు ఒంటరిగా నిలబెట్టాడు. కొట్టలేదు. అయినా నీళ్లడగడానికీ, అలా బయట నిలబడవలసి రావడానికీ ఉన్న సంబంధం తనకు ఎన్నటికీ అర్థం కాలేదంటాడు కాఫ్కా. ఆ లేఖ నిలిచింది ఆ ఒక్క రాత్రి వల్ల కాదు. ఇంత అభియోగం మోపిన కొడుకు, చివర్లో తండ్రి గొంతుతో తనకే జవాబు రాసుకున్నాడు, అది కూడా తనను గట్టిగా దెబ్బకొట్టే జవాబు. నువ్వూ ఆ పని చెయ్యి. కూతురి మీద తండ్రికున్న ఫిర్యాదును ఆయన మాటల్లోనే ఒక రెండు పేజీలు రాయి. అవి కథలో చేర్చకపోయినా ఫరవాలేదు. రాశాక ఆయన నోట వచ్చే ప్రతి మాటా మారుతుంది.

మన వాఙ్మయంలో దీనికి కఠోపనిషత్తును మించిన పాఠం నాకు కనిపించదు. తనకున్నదంతా దానం చేస్తున్న తండ్రి తోలిస్తున్న ఆవులను నచికేతుడు చూస్తాడు. అవి నీళ్లు తాగడం, గడ్డి మేయడం, పాలివ్వడం అన్నీ అయిపోయి, సత్తువ ఉడిగిన ఆవులు. పెద్దలకు అది యజ్ఞం. ఆ బాలుడికి మాత్రం తండ్రి చేస్తున్నది కనబడిపోయింది. అయినా అతను తండ్రిని తప్పుపట్టలేదు. నన్నెవరికిస్తావని అడిగాడు, రెండోసారీ మూడోసారీ అదే అడిగాడు. తండ్రికి కోపం వచ్చి, మృత్యువుకిస్తానన్నాడు. నిందించని ప్రశ్నకు పెద్దవాడు ఎంతగా అదిరిపడతాడో చూశావా? నీ కథలోని పిల్ల మాత్రం తండ్రి ముందు ఉపన్యాసం ఇస్తుంది. పదేళ్ల పిల్ల అలా మాట్లాడదు. ఒకే చిన్న ప్రశ్న, వేళగాని వేళ, మళ్లీ మళ్లీ అడుగుతుంది.

యముడి ఇంట మూడు రాత్రులు తిండి లేకుండా గడిపిన ఆ పిల్లవాడు కోరిన మొదటి వరం కూడా గుర్తుంచుకో. తాను తిరిగి వెళ్లినప్పుడు తండ్రి కోపం విడిచి, తనను గుర్తుపట్టి పలకరించాలని కోరాడు. తండ్రి తప్పు తెలిసిన తరువాత కూడా ఆయన పలకరింపు కావాలనిపించడం, ఈ రెండూ ఒకే మనసులో ఇమడడం, నీ కథకు ప్రాణం కావలసింది అదే. అందుకే చివరి ఘట్టంలో మరణశయ్య దగ్గర క్షమాపణలు, కన్నీళ్లు పెట్టవద్దంటున్నాను. పాతికేళ్ల ఎడమొహాన్ని ఒక్క పేజీలో కడిగేస్తే పాఠకుడు నమ్మడు, నువ్వూ నమ్మవు.

మీ నాన్నగారు చదివితే ఏమనుకుంటారోనన్న భయం కూడా నీ ఉత్తరంలో కనిపించింది. అది చిన్న భయమేమీ కాదు. కాఫ్కా తన లేఖను తండ్రికి అందించమని తల్లి చేతికిస్తే, ఆమె దాన్ని ఇవ్వకుండానే తిప్పి పంపింది. ఊరు, వృత్తి, ఇంట్లో మనుషుల సంఖ్య, అన్నీ మార్చు. ఆయనను పోల్చుకునే ఆనవాలు ఏదీ మిగల్చకు. కాని ఆయన చదువుతారన్న భయంతో కథలో తండ్రిని మంచివాణ్ణి చేయవద్దు, పాతకోపంతో చెడ్డవాణ్ణీ చేయవద్దు. అచ్చుకు పంపాలా వద్దా అన్నది పూర్తిచేశాక ఆలోచించవచ్చు. ముందుగా తండ్రి గొంతుతో ఆ రెండు పేజీలు రాసి, వాటిని మాత్రం నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు