ఎమ్మెస్సీ చదివి మూత్రం సీసాలు మోయాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ మొదటి ఏడాది. వచ్చే ఏడు యూరిన్ ఇన్‌ఫెక్షన్ రోగుల్లో బయోకెమికల్ మార్కర్ల (జబ్బు ఆనవాలు చెప్పే పదార్థాల) మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. ‘ఇంత చదివించి మూత్రం సీసాలు మోయిస్తావా? మాన్పించి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ నేర్పించు’ అంటున్నాడు మా బావమరిది. రెంటిలో ఏది మంచిది? – ఓ తండ్రి

జవాబు: ఇలాంటి ప్రశ్న నాకు కొత్త కాదండి. ఒకరు మూత్రం అంటారు, ఇంకొకరు కళ్లె అంటారు. లోపలున్నది మాత్రం ఒకటే: నలుగురిలో ఏమని చెప్పుకోవాలి, సంబంధాలు ఎలా వస్తాయి? అది దాచి కోర్సుల పోలిక అడుగుతారు.

మీకు వశిష్ఠ గోదావరి దాటితే భీమవరం. అక్కడ 1895లో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికే. ఆయనా సీసాలే పట్టుకున్నారు.

అసలు ఆ ప్రాజెక్టులో ఏముందో చూడండి. మూత్రంలోని నైట్రేటును ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా నైట్రైటుగా మారిస్తే మూత్రంలో ముంచే పరీక్ష స్ట్రిప్ మీద గడి గులాబీ రంగుకి తిరుగుతుంది. అందుకు మూత్రం ఓ నాలుగు గంటలైనా లోపల నిలవాలి. ఇన్‌ఫెక్షన్ వచ్చిన మనిషి నిమిషాల మీద లేస్తుంటే ఇక నిలిచేదెక్కడ? జబ్బు లక్షణమే పరీక్షను బోల్తా కొట్టిస్తుంది. ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే నైట్రైటే తయారుచేయదు. బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ రిపోర్టుకి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోపు డాక్టరు ఏదో ఒక యాంటీబయాటిక్ రాయక తప్పదు. జబ్బు మూత్రాశయంలోనే ఆగిందా, కిడ్నీకి పాకిందా అన్నది సీఆర్‌పీ, ప్రొకాల్సిటోనిన్ లాంటి రక్తంలోని మార్కర్లతో ముందే పసిగట్టాలని చూస్తారు. కానీ సీఆర్‌పీ న్యుమోనియాలోనూ పెరుగుతుంది. పాత షుగరుతో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎలాగూ ఎక్కువే. ఇవన్నీ విడదీసి చెప్పాలంటే బుర్ర పెట్టాలి, సీసా మోస్తే చాలదు. (కాలేజీ బాత్రూములు బాగోక పొద్దుటినుంచి నీళ్లు తాగని ఆడపిల్లలు ఎందరో. మీ అమ్మాయికి ఈ విషయం ఎందుకు తట్టిందో నేను ఊహించగలను.)

ఇక కోడింగ్. దాని మీద నాకు కోపం లేదు, అనుమానాలున్నాయి. అమెరికా ఆస్పత్రుల రికార్డులు చదివి, బీమా బిల్లు కోసం జబ్బుకో కోడ్ వేయడం ఆ పని. అందులో యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి మామూలుగా వేసేది ‘ఎన్39.0’. అంటే ఎక్కడుందో తేలని ఇన్‌ఫెక్షన్ అని. ఎక్కడుందో తేల్చే పని నేర్చుకుంటానంటున్న పిల్లని, తేలలేదని రాసే పనికి పంపుతానంటారేంటండీ! పైగా తేలిక కేసులకి ఇప్పుడు సాఫ్ట్‌వేరే కోడ్ వేసేస్తోంది. కొత్తగా చేరేవాళ్లకి మొదట దొరికేవి ఆ తేలిక కేసులే. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అంటే కాగితం మీద రాసిమ్మనండి, గొంతు మారుతుంది. సర్టిఫికెట్ పరీక్ష ఫీజు వేరే కట్టాలని తర్వాత చెబుతారు. ఎమ్మెస్సీ అయ్యాక కూడా అందులో చేరొచ్చు. సగంలో వదిలేసిన ఎమ్మెస్సీ మళ్లీ అంత తేలిగ్గా దొరకదు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకి ఎక్కువగా ల్యాబ్ టెక్నాలజీ చదువులైన డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ అడుగుతారు. ఎమ్మెస్సీ ఒక్కటే ఉంటే సరిపోకపోవచ్చు. మీ అమ్మాయికున్న దారులు నెట్ అర్హత పరీక్ష రాసి పీహెచ్‌డీ, లెక్చరర్ ఉద్యోగం, పరీక్ష కిట్ల కంపెనీలు, ఫార్మాలో క్వాలిటీ కంట్రోల్. మొదట్లో జీతం చిన్నదే, టెన్షన్ పడకండి.

సంబంధాలంటారా? ల్యాబ్‌లో పని అని పిల్లని వద్దన్నవాళ్లని నేనింతవరకు చూడలేదు. జీతం తక్కువని బేరమాడినవాళ్లని చూశాను. వాళ్లు కోడింగ్ చేసినా బేరమాడతారు.

నాకు కష్టంగా అనిపించింది ఇంకోటి. మీ ఉత్తరంలో బావమరిది మాట పొల్లుపోకుండా ఉంది. అమ్మాయి ఈ ప్రాజెక్టే ఎందుకు కావాలంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా? ఈ రాత్రి అన్నాల దగ్గర అడగండి, మధ్యలో అడ్డురాకండి.

ప్రాజెక్టు ఒప్పుకునే ముందు మాత్రం గైడు దగ్గర మూడు సంగతులు కనుక్కోమని అమ్మాయికి చెప్పండి. రోగుల మీద పరిశోధనకి ఎథిక్స్ కమిటీ అనుమతి ఎవరు తెస్తారు? సరిపోల్చడానికి ఇన్‌ఫెక్షన్ లేనివాళ్ల శాంపిళ్లు, అందరికీ కల్చర్ రిపోర్టులు ఆ ఆస్పత్రిలో దొరుకుతాయా? కిట్ల ఖర్చు ఎవరిది? ప్రొకాల్సిటోనిన్ కిట్ చవక కాదు, ఆ డబ్బు మీ మీద పడుతుందేమో ఇప్పుడే తేల్చుకోండి.